సీరియల్ ఇంట్లో అప్పులెందుకు ఉండవు?

వానలు పడక శనక్కాయ పంట పోయిన ఏడాది మా అనంతపురం పల్లెల్లో చాలామంది పనికోసం బెంగళూరు వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది అవ్వాతాతలు, బడికెళ్లే పిల్లలు. రాత్రయితే వాళ్లు చూసే సీరియల్‌లో మాత్రం మూడు తరాలు ఒకే బంగళాలో ఉంటాయి. ఎవరికీ అప్పుండదు, ఎవరూ వలస పోరు. టీవీలో కుటుంబం మొదటి నుంచీ ఇలాగే ఉండేదా?

లేదు. 1984లో దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్' చూడండి. హిందీదే అయినా మనకు తెలిసిన ఇల్లే అది. తాగుబోతు తండ్రి, ఉద్యోగం దొరకని పెద్దకొడుకు, పెళ్లి కావాల్సిన కూతుళ్లు, అన్నీ భరించే తల్లి భగవంతి. మెక్సికోలో మిగెల్ సబిడో తీసిన సీరియళ్ల దారిలో, కుటుంబ నియంత్రణ, స్త్రీల హోదా లాంటి విషయాలు జనానికి చెప్పాలని దీన్ని తీశారు. భగవంతిని చూసి "ఇలా ఉండకూడదు" అనుకోవాలన్నది తీసినవాళ్ల ఉద్దేశం. కానీ అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ప్రేక్షకుల్ని అడిగితే, చాలామంది ఆడవాళ్లు ఆమెనే ఆదర్శం అన్నారు! ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

తెలుగులో 2001లో జెమినిలో వచ్చిన 'అమృతం' వారానికోసారి నవ్వించింది. అందులో ఇల్లు అద్దెది, ఓనర్ అప్పాజీ, హోటల్ బేరాలు అంతంతమాత్రం. కామెడీయే గానీ అద్దె బాధ మాత్రం నిజం.

డైలీ సీరియళ్లు రాజ్యమేలాక ఆ అద్దె, ఆ జీతం కథలోంచి మాయమయ్యాయి. దీనికి నా లెక్క ఒకటుంది. వారానికి ఐదారు ఎపిసోడ్లు ఇవ్వాలంటే రోజుకో చోట షూటింగ్ కుదరదు. ఒకే ఇల్లు, ఒకే హాలు కావాలి. అందుకే పాత్రలన్నీ ఆ ఇంట్లోనే ఉండాలి, విలన్‌తో సహా. అప్పు కథ చెప్పాలంటే బ్యాంకు, పొలం, మార్కెట్ యార్డు చూపించాలి. అనుమానం కథకి రెండు మొహాలు, ఒక హాలు చాలు. ఉమ్మడి కుటుంబం మీద ప్రేమ కంటే ఈ బడ్జెట్టే ఎక్కువ పని చేసిందేమో.

'కార్తీకదీపం' (2017–2023, స్టార్ మా) దీనికి మంచి ఉదాహరణ. మలయాళ 'కరుత్తముత్తు'కి రీమేక్ ఇది. నల్లగా ఉందని దీపను చిన్నచూపు చూస్తారు, ఆమె కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ బాబు అనుమానిస్తాడు. ఆమె కాళ్లబేరానికి రాదు. వంటలు చేసి బతికి, అందరికీ వంటలక్క అవుతుంది. చివరికి అత్తే కోడలి పక్షాన నిలబడుతుంది. పాత అత్తాకోడళ్ల కథలతో పోలిస్తే ఇది పెద్ద మార్పే. అయినా ఏళ్ల తరబడి మనం ఎదురుచూసింది దేనికి? ఆమె శీలం రుజువు కావడానికి. రామాయణం కాలం నాటి పరీక్షే, ఇప్పుడు డాక్టర్ కోటు వేసుకొచ్చింది.

సీరియల్స్‌ని తిట్టిపోయడం సులువు. కానీ రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన పల్లెల్లో భార్యను కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్లు తగ్గారు, కొడుకే కావాలనే కోరికా తగ్గింది. వాళ్లు చూసిన రాష్ట్రాల్లో తమిళనాడు ఉంది, మనది లేదు. మన సంగతి 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దొరుకుతుంది. ఏడు కారణాల్లో కనీసం ఒక్కదానికైనా భార్యను కొట్టొచ్చు అన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం! ఆ ఏడింటిలో అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం ఒకటి, భర్తకు అనుమానం రావడం ఇంకొకటి. మన సీరియళ్లు నడిచేది కూడా సరిగ్గా ఈ రెండింటి మీదే. టీవీ వల్లే అలా అన్నారని చెప్పలేం. పాతికేళ్ల కేబుల్ దాన్ని మార్చలేదని మాత్రం చెప్పొచ్చు.

సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వని అడిగాను, "అంత అవమానించినోని ఇంటికి దీప మళ్లీ ఎందుకు పోవాల?" అని.

"పోకపోతే యాడికి పోతాది రా? బిడ్డలుండారు గదా" అనింది, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.