ఇంటి లెక్క చదవబోయే పిల్లలకు

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఉంటుంది మా ధర్సీవా. రాయ్‌పూర్ వైపు వెళ్తే సిల్తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోడ్డు దిగితే వరి మళ్లు. నేను హోమ్ సైన్స్ చదివింది తిరుపతిలో. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం స్థాపించిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అప్పటికింకా చిన్నది. మావారి ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డాం. ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు కుటుంబ ఆర్థికం, వినియోగదారుల శాస్త్రం చదవొచ్చా ఆంటీ అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. చిన్న యూనివర్సిటీ అని చిన్నబోకండి

క్లాసులో పది మందే ఉంటే మేడమ్ మీ సర్వే ప్రశ్నావళిని వరుస వరుసా చదివి దిద్దుతారు. లైబ్రరీ చిన్నదే కావచ్చు. కానీ కేంద్ర ప్రభుత్వ వినియోగ వ్యయ సర్వేల గణాంకాలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇక ఈ శాస్త్రానికి కావలసిన ప్రయోగశాల కాలేజీ గేటు దాటితే మొదలవుతుంది.

2. ఎంత అని అడిగే ముందు ఎప్పుడు అని అడగండి

ఛత్తీస్‌గఢ్‌లో 2023–24 సీజన్ నుంచి ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు ధాన్యాన్ని క్వింటాలు 3,100 రూపాయల లెక్కన ప్రభుత్వం కొంటోంది. అంటే ఎకరానికి గరిష్ఠంగా 65,100. పన్నెండు నెలలకు పంచితే నెలకు 5,425, అదీ పెట్టుబడి తీయకముందు. మద్దతు ధర మేరకు సొమ్ము ముందు, మిగతా తేడా తర్వాత జమ అవుతాయి. పక్కింటి ఫ్యాక్టరీ కార్మికుడికి నెలనెలా జీతం. ఏడాది మొత్తం మీద ఇద్దరి ఆదాయం ఒకటే అయినా, జూన్‌లో స్కూలు ఫీజు కట్టాల్సివచ్చినప్పుడు అప్పుకు వెళ్లేది రైతే. అతనికి పొదుపు తెలియదని రాసేయకండి. ముందు అతని క్యాలెండరు గీయండి.

3. సగటు చూసి తృప్తి పడకండి

ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎంగెల్ 1857లోనే చెప్పాడు. మన దేశ పల్లెల్లో 1999–2000లో 59 శాతం ఉన్న ఆ వాటా 2022–23 వినియోగ వ్యయ సర్వే నాటికి 46 శాతానికి దిగింది. అదే సర్వేలో దేశ గ్రామీణ సగటు తలసరి నెల ఖర్చు 3,773 రూపాయలు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 2,466, రాష్ట్రాలన్నిటిలోకీ తక్కువ. అయితే ఈ రాష్ట్రం 2012లోనే, కేంద్రం కంటే ఏడాది ముందే, సొంత ఆహార భద్రతా చట్టం చేసుకుంది. చవక బియ్యం ఇంటికొస్తుంటే జేబులోంచి పోయే తిండి ఖర్చు తక్కువగా కనబడుతుంది. అందుకే ఉచితంగా అందినవాటి విలువ కలిపి ఒక అంచనా, కలపకుండా ఒక అంచనా ఇచ్చారు. ఏది వాడుతున్నారో చూసి వాడండి.

4. నీతి చెప్పే ముందు లెక్క కట్టండి

పెద్ద ప్యాకెట్ కొంటే చవక అని పుస్తకాల్లో ఉంటుంది. సాయంత్రం కూలి డబ్బుతో కిరాణా కొట్టుకు వచ్చే మనిషి చేతిలో ఆ రోజు డబ్బే ఉంటుంది. పైగా పెద్దది ప్రతిసారీ చవకా కాదు. షాంపూ తీసుకోండి: మిల్లీలీటరు లెక్కన చాలాసార్లు సీసా కంటే సాచెట్టే గిట్టుబాటు. కొట్టు ముందు నిలబడి రెండింటి మీదా ధర, పరిమాణం చదివి భాగించండి. ఆ తర్వాతే సలహా.

5. వడ్డీ రేటు కాదు, వడ్డీ కట్టే పద్ధతి అడగండి

60,000 అప్పు, రెండేళ్లు, 12 శాతం ఫ్లాట్ అంటారు. వడ్డీ 14,400, నెల కిస్తీ 3,100. కిస్తీ కిస్తీకీ అసలు తరుగుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 60,000 మీదే వేస్తున్నారన్నమాట. తరిగిన అసలు మీద లెక్కిస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. 2010లో ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చే దాకా వెళ్లిందంటే, ఒకే ఇంటి మీద ఎన్ని కిస్తీలు పడ్డాయో ఊహించండి. 2022 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకునే ఇంటి అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ఈ ఒక్క ముక్క వాడలో పది మందికి చెప్పగలిగితే మీ డిగ్రీ పనికొచ్చినట్టే.

6. జీతం లేని పనినీ పట్టికలో రాయండి

డబ్బిచ్చి మరొకరితో చేయించుకోగలిగిన ఇంటి పని ఏదైనా ఉత్పత్తే అని ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లో తేల్చింది. మన సుప్రీంకోర్టు 2021 జనవరిలో, రోడ్డు ప్రమాద పరిహారానికి సంబంధించిన కీర్తి కేసులో, గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కకట్టాల్సిందేనంది. ఆ తీర్పులో అప్పటి కృష్ణా జిల్లావారైన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన అభిప్రాయం తప్పక చదవండి. 2019 సమయ వినియోగ సర్వేను ఆయన అందులో ఉదహరించారు: జీతం లేని ఇంటి పనికి రోజూ ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. సర్వేకు వెళ్లి “మీరేం చేస్తారమ్మా?” అంటే “ఏం లేదు, ఇంట్లోనే” అంటారు. అక్కడితో ఆగకుండా తెల్లవారు నుంచి గంట గంటకూ అడగండి.

7. బిల్లు అడగడం సిగ్గు కాదు

2019 వినియోగదారుల చట్టం వచ్చాక, విశాఖలో కొన్న వస్తువు చెడితే, ఇక్కడ ఉంటున్నవాళ్లు రాయ్‌పూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. హెల్ప్‌లైన్ 1915. ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో బిల్లుండాలి.

చివరిగా ఒక మాట. వంట నేర్చుకోవడానికి యూనివర్సిటీ ఎందుకనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. సీటు తీసుకునే ముందు ఒక నెల మీ ఇంటి ఖర్చు రాయండి, ఎవరెన్ని గంటలు పనిచేశారో దాని పక్కనే రాయండి. రాస్తుంటే కొత్త ప్రశ్నలు పుడితే చేరిపోండి. విసుగొస్తే మరో చదువు చూసుకోండి, అందులో తప్పేమీ లేదు.