ట్యాంకు ప్యానెళ్లు: అతుకు నేర్చినవారికి చేతినిండా పని

లక్ష లీటర్లు పట్టే నీళ్ల ట్యాంకును ఫ్యాక్టరీలో పూర్తిగా తయారు చేసి, లారీ ఎక్కించి బెంగళూరు దగ్గరి సర్జాపురకు తీసుకురావడం అయ్యే పని కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అంతకు మించిన సరుకుకు వేరే ట్రైలరు, వేరే అనుమతులు కావాలి. అవన్నీ సంపాదించుకుని వచ్చినా, అపార్ట్‌మెంటు గేటు దగ్గరో బేస్‌మెంటు ర్యాంపు దగ్గరో బండి ఆగిపోతుంది. అందుకే ట్యాంకును విడి భాగాలుగా తెస్తారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే ప్యానెళ్లు మామూలు లారీలో వస్తాయి. మనుషులే వాటిని మెట్ల మీదుగా మోసుకుపోయి, ఉన్నచోటనే బోల్టులతో బిగించి నిలబెడతారు. పాత రైల్వే స్టేషన్లలో చదరపు ఇనప పలకలతో, ప్రతి పలక మీదా మూల నుంచి మూలకు నొక్కిన గీతలతో కనిపించే ఎత్తైన ట్యాంకులు ఈ పద్ధతిలో కట్టినవే. ఇప్పుడు ఇనుముకు తోడు గాజు పీచుతో బలపరిచిన ప్లాస్టిక్, అంటే జీఆర్‌పీ ప్యానెళ్లు వచ్చాయి. జింక్-అల్యూమినియం పూత వేసిన రేకులతో కట్టే గుండ్రటి ట్యాంకులూ వచ్చాయి.

ఈ పని నేర్చుకోవడానికి సర్జాపుర చుట్టుపక్కలను మించిన చోటు మనకు దగ్గరలో కనిపించదు. బెంగళూరు అర్బన్ జిల్లా ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరూ, నగరం నుంచి ఇటు వచ్చే సర్జాపుర రోడ్డు పొడవునా లేచిన అపార్ట్‌మెంట్లూ బోరు నీటినీ ట్యాంకర్లనూ నమ్ముకుని పెరిగాయి. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేసే పరిస్థితి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా ఇచ్చే కావేరి ఐదో దశ మొదలైంది. అంతమాత్రాన ట్యాంకుల అవసరం తీరిపోదు. తాగునీటికి ఒకటి, మురుగును శుద్ధి చేయగా వచ్చిన నీటికి ఒకటి, అగ్నిమాపకానికి ఎప్పుడూ నిండుగా ఉండాల్సినది మరొకటి: పెద్ద కాంప్లెక్సు కడితే ఇవన్నీ వేరువేరుగా ఉండాల్సిందే. దక్షిణాన అత్తిబెలె, బొమ్మసంద్ర, జిగణి, హోసూరు ఫ్యాక్టరీల లెక్క మళ్లీ వేరు. కుప్పం, మదనపల్లె, హిందూపురం నుంచి బెంగళూరు వచ్చే మన పిల్లలు సర్జాపుర రోడ్డు అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసులనే అనుకుంటారు. ఆ ఆఫీసుల్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడం వెనక ఎంతమంది పని ఉందో వారికి ఎవరూ చెప్పలేదు. ఆనేకల్, హోసూరు ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కాబట్టి సైటులో భాష మొదటి రోజే అడ్డం రాదు. కన్నడం మాత్రం నేర్చుకుని తీరాలి.

పని ఎంత లోతైనదో ఒక లెక్క వేసి చూద్దాం. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకు సరిగ్గా లక్ష లీటర్లు పడుతుంది. గోడలు 65 చదరపు మీటర్లు, అడుగు 40, పైకప్పు 40. దీన్ని మీటరు ప్యానెళ్లతో, పై వరసలో అర మీటరు ప్యానెళ్లతో కడితే, నీళ్లు తగిలే అతుకుల పొడవెంతో తెలుసా? అడుగు భాగంలో 67 మీటర్లు, గోడల నిలువు అతుకులు 65, అడ్డం అతుకులు 52, గోడ అడుగును కలిసే చోట 26. మొత్తం 210 మీటర్లు. మీటరుకు ఎనిమిది బోల్టులు అనుకున్నా దాదాపు 1,700. అందులో ఒక్కటి సరిగా బిగియకపోయినా నీరు దారి వెతుక్కుంటుంది. ఇక ఒత్తిడి సంగతి. ట్యాంకు నిండినప్పుడు కింది వరసలోని ఒక్కో గోడ ప్యానెల్ మీద పడే తోపు రెండు టన్నులు. రెండు చిన్న కార్ల బరువు ఒక మీటరు పలకను రాత్రింబవళ్లు బయటికి తోస్తూ ఉన్నట్టు. అందుకే లోపల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో ఎదురెదురు గోడలను పట్టి ఉంచుతారు, లేదా బయట ఇనప ఆసరా ఇస్తారు.

గుండ్రటి ట్యాంకులో కథ మారుతుంది. అక్కడ నీటి తోపు గోడను చుట్టూ సాగదీస్తుంది. పది మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీటి ఎత్తు ఉంటే, అట్టడుగున నిలువు అతుకు మీద మీటరు ఎత్తుకు 15 టన్నుల లెక్కన లాగుడు పడుతుంది. కొత్తగా చేరిన ఇంజినీర్లు బోల్టు తెగుతుందేమోనని చూస్తారు. కానీ రెండు మిల్లీమీటర్ల రేకులో 12 మిల్లీమీటర్ల హైటెన్సైల్ బోల్టు వేస్తే ముందు సాగేది రేకులోని రంధ్రమే. అందుకే అతుకు దగ్గర రెండు మూడు వరసల బోల్టులు పెడతారు, కింది వరసలకు మందపాటి రేకు వాడతారు. ఈ ఒక్క విషయాన్ని ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 దగ్గర పెట్టుకుని కాగితం మీద లెక్క కట్టి చూపగలిగిన డిప్లొమా కుర్రాడిని ఇంటర్వ్యూలో తేలిగ్గా వదులుకోరని నా నమ్మకం.

ఇంకో తేడా కూడా గమనించాలి. జీఆర్‌పీ ట్యాంకులో అతుకు రెండు పనులు చేస్తుంది: బలాన్ని మోస్తుంది, నీటినీ ఆపుతుంది. మధ్యలో పెట్టే రబ్బరు ప్యాకింగ్ అక్కడ ప్రాణం. రేకు ట్యాంకుల్లో చాలావాటికి లోపల ప్లాస్టిక్ లైనరు వేస్తారు. నీటిని ఆపేది లైనరు, బలం మోసేది బోల్టు. అమెరికాలో చమురు బావుల దగ్గర 40,000 బ్యారెళ్లు, అంటే సుమారు 64 లక్షల లీటర్ల నీళ్లు పట్టే తాత్కాలిక ట్యాంకులను కూడా ఇలా లైనరుతోనే నిలబెడతారు. అక్కడి ప్యానెల్ ఒక్కొక్కటి క్రేనుతో ఎత్తేంత పెద్దది. పని అయిపోయాక విప్పి మరో చోటికి తీసుకుపోతారు కాబట్టి అతుకు త్వరగా కలవాలి, త్వరగా విడిపోవాలి.

బిగింపులో చేయి తిరిగిన ఫిట్టర్ ఎవరో నాలుగు ప్యానెళ్లు కలిసే మూలను చూస్తే తెలుస్తుంది. కారడం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. రెండు వైపుల నుంచి వచ్చిన ప్యాకింగ్ అక్కడ మడత పడకుండా, ఖాళీ మిగలకుండా పరుచుకోవాలి. బోల్టులన్నీ మొదట వేలితో ఎక్కించి, తర్వాత వరస తప్పకుండా కొంచెం కొంచెంగా టార్క్ రెంచితో బిగించాలి. బలం ఉంది కదా అని ఎక్కువ తిప్పితే జీఆర్‌పీ అంచు పగులుతుంది. ఆ పగులు ఆ రోజు కనిపించకపోవచ్చు, నీళ్లు నింపాక కనిపిస్తుంది. అంతకన్నా ముందు చూడాల్సింది కింద పునాది లెవెల్. పునాది ఎత్తుపల్లాలుగా ఉంటే పైన ఎంత నేర్పుగా బిగించినా రంధ్రాలు ఒకదానికొకటి కలవవు.

రవాణాను చిన్నచూపు చూడకండి. మన కాలేజీల్లో దీన్ని పాఠంగా చెప్పరు గానీ, సైటులో పనిని నిలిపేసే తప్పుల్లో చాలావరకు లారీలోనే మొదలవుతాయి. ముందుగా బిగించే అడుగు ప్యానెళ్లు లోపలికి, చివర్లో వాడే పైకప్పు ప్యానెళ్లు బయటికి ఎక్కిస్తే, దించిన సరుకును సైటులో మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. జాగా లేని అపార్ట్‌మెంటు ఆవరణలో ఒక పూట పోయినట్టే. వంపు రేకులను ఒకదానిలో ఒకటి పేర్చినప్పుడు మధ్యలో ఫోమ్ పెట్టకపోతే పూత గీసుకుపోతుంది. గాజు పూత కాల్చిన ఇనప ప్యానెల్ అయితే అంచు పెచ్చు ఊడి, తుప్పుకు అదే తలుపవుతుంది. వానలో టార్పాలిన్ సరిగా కప్పకపోతే, జింక్ పూత రేకుల మధ్య చిక్కిన నీరు ఆరక తెల్లటి పొడిలాంటి తుప్పు పడుతుంది. దాన్ని అడ్డుకోవాలంటే కట్టలను కాస్త ఏటవాలుగా, గాలి ఆడేలా పెట్టాలి. పూత ఉన్న ప్యానెళ్లను గొలుసులతో ఎత్తకూడదు, నైలాన్ పట్టీలు వాడాలి. ప్యాకింగ్ లిస్టు, డెలివరీ చలానా, 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు, పెద్ద లారీలను నగరంలోకి అనుమతించే వేళలు: ఇవన్నీ చూసుకునే డిస్పాచ్ సూపర్‌వైజరుకు డ్రాయింగ్ చదవడం వస్తే అతని విలువే వేరు. కామర్స్, లాజిస్టిక్స్ చదివినవారు కూడా ఈ దారిలో లోపలికి రావచ్చు.

ఏం చదవాలి? పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్ ట్రేడు సూటైన దారి. షీట్ మెటల్ వర్కర్, వెల్డర్, ప్లంబర్ ట్రేడులూ పనికొస్తాయి. డ్రాయింగ్ మీద ఇష్టం ఉంటే మెకానికల్ డ్రాఫ్ట్స్‌మన్. పాలిసెట్ రాసి మెకానికల్ లేదా సివిల్ డిప్లొమాలో చేరవచ్చు. ప్యానెల్ ఎలా పుడుతుందో తెలుసుకోవాలనుకునేవారికి ప్లాస్టిక్ ఇంజినీరింగు నేర్పే సీపెట్ మేలు. హైదరాబాద్, విజయవాడ, మైసూరుల్లో కేంద్రాలున్నాయి. జీఆర్‌పీ ప్యానెల్‌ను వేడి అచ్చులో పెద్ద ప్రెస్సు కింద నొక్కి తీస్తారు కాబట్టి అచ్చుల తయారీ నేర్పే హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, బెంగళూరులోని జీటీటీసీ లాంటి చోట్ల చదివినవారికి ఫ్యాక్టరీలో చోటుంది. ఐటీఐవారు జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం ద్వారా, డిప్లొమా, డిగ్రీవారు నాట్స్ పోర్టల్ ద్వారా అప్రెంటిస్‌గా చేరవచ్చు. బీటెక్ వారికి ఒక మాట: చేరగానే కంప్యూటర్ ముందు కూర్చోబెడతామన్నా, మొదటి ఏడాది సైటు అడగండి. పానా పట్టకుండా గీసిన అతుకులో పానా తిరిగే జాగా ఉండదు.

చదువుతూనే చేయగలిగిన పని ఒకటుంది. పైన చెప్పిన 8 గుణకారం 5 గుణకారం 2.5 ట్యాంకును క్యాడ్‌లో గీయండి. దానికి ప్యానెళ్ల, బోల్టుల, ప్యాకింగ్ జాబితా రాయండి. లారీలో ఏది ముందు ఎక్కాలో, సైటులో ఏది ముందు బిగియాలో వరస రాయండి. జీఆర్‌పీకి ఐఎస్ 14399, నొక్కిన ఇనప పలకలకు ఐఎస్ 804 తిరగేయండి. ఈ నాలుగైదు పేజీలు బయోడేటాకు జత చేస్తే సర్టిఫికెట్ల కట్ట కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. మూసిన ట్యాంకు లోపల సీలెంటు ఆవిర్లు కమ్ముకుంటాయి, గాలి తగ్గిపోతుంది. ఫ్యాక్టరీల్లో ఇలాంటి చోట్లకు దిగేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలను, 2025లో రద్దయ్యే దాకా, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చెప్పేది. పర్మిట్, గాలి ఆడించే ఫ్యాను, బయట కనిపెట్టుకుని ఉండే మనిషి: ఈ మూడూ లేకుండా ఎంత సీనియరు దిగమన్నా దిగకండి.

అయిదారేళ్ల అనుభవం తర్వాత దారులు తెరుచుకుంటాయి. సొంతంగా నలుగురితో బిగింపు జట్టు పెట్టుకోవచ్చు, పాత ట్యాంకుల మరమ్మతు కాంట్రాక్టులు పట్టవచ్చు. గల్ఫ్ దేశాల్లో జీఆర్‌పీ ప్యానెల్ ట్యాంకుల వాడకం విస్తారం కాబట్టి కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లేవారికి హెల్పరుగా కాక ట్యాంకు ఫిట్టరుగా వెళ్లే వీలుంటుంది. అలా వెళ్లేటప్పుడు ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. ఒప్పందంలో ఉద్యోగం పేరు ఏమని రాశారో చదివిన తర్వాతే సంతకం పెట్టండి.