ముసలి కుక్కకు సేవా జంతువు గుర్తింపు వస్తుందా?

ప్రశ్న: నాకు ఉన్నట్టుండి గుండెదడ, భయం కమ్ముకొస్తాయి. తొమ్మిదేళ్ల మా కుక్క పక్కన కూర్చుంటే తగ్గుతాయి. దానికి సర్టిఫికెట్ ఇప్పించుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, చిరాగ్‌పల్లి, జహీరాబాద్

జవాబు: అమ్మా, మన దేశంలో మానసిక సమస్య ఉన్నవారికి సాయపడే సేవా కుక్కకు సర్టిఫికెట్ ఇచ్చే చట్టబద్ధ వ్యవస్థ లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని ఇచ్చే కార్డులకు విలువ లేదు, కొనకండి. అమెరికా చట్టంలోనూ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, వయసు అడ్డు కాదు. జబ్బుకు సంబంధించిన నిర్దిష్టమైన పని కుక్క నేర్చుకుని ఉండాలి. పక్కన ఉండి ఊరట ఇవ్వడం ఒక్కటే అక్కడ చాలదు.

అలాంటి పని మీ కుక్కకూ నేర్పవచ్చు. దడ మొదలవగానే ముక్కుతో తట్టడం, ఒళ్లో తల ఆనించడం, ఇంట్లోవాళ్లను పిలుచుకురావడం వంటివి. ముందు పశువైద్యుడితో కీళ్లు, చూపు, వినికిడి, గుండె పరీక్ష చేయించండి. ఆ వయసులో ఐదు నిమిషాలకు మించి సాధన వద్దు, ఎండలో అసలే వద్దు. జనాన్ని చూసి బెదిరే కుక్కను బజారుకు లాక్కెళ్లడం దానికి హింసే. ఇంట్లో తోడుగా ఉన్నా అది మీకు చేసే మేలు తక్కువేం కాదు.

అయితే కుక్క చికిత్సకు బదులు కాదు. మానసిక వైద్యుణ్ని తప్పక కలవండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.