ప్రాణిని పెంచుకోవడం – మైత్రిలో ఒక పాఠం
(తరచూ ప్రయాణాలు చేసే విద్యార్థుల కోసం)



ఆదివారం వందన అయ్యాక కాలేజీ పిల్లలు ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. "హైదరాబాదులో రూము తీసుకుని ఉంటున్నాం. ఒక కుక్కపిల్లనో, పిల్లినో పెంచుకోవాలని ఉంది. కానీ పదిహేను రోజులకోసారి ఊరికి పోతాం. పరీక్షలకీ ఇంటర్వ్యూలకీ తిరుగుతాం. దీక్షా దినానికి నాగపూర్, డిసెంబరు 6కి ముంబై చైత్యభూమి వెళ్తాం. మాకు ఏ ప్రాణి సరిపోతుంది?" వినడానికి చిన్న ప్రశ్నే. కానీ ఇందులో శీలం ఉంది, మైత్రి ఉంది, ఇంటి దగ్గర అమ్మ కష్టం కూడా ఉంది. అందుకే ఈ పాఠం.

1. మనకెందుకు ఈ విషయం?

"మనల్నే మనుషులుగా చూడని చోట కుక్కల మీద ప్రేమేంటి?" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట వెనక గాయం ఉంది, కొట్టిపారేయకూడదు. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, మనవాళ్లు మాత్రం తాకకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మన జనంతో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. అయితే అక్కడ తప్పు నీళ్లు తాగిన పశువుది కాదు, మనిషిని ఆపిన కులానిది. మన కోపం కులం మీద ఉండాలి, నోరులేని జీవం మీద కాదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 13వది ఏమిటి? అన్ని ప్రాణుల మీద దయ, మైత్రి చూపి వాటిని కాపాడతాననే మాట. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో కరుణ మనుషుల వరకే అనీ, మైత్రి ప్రాణులన్నిటికీ అనీ బాబాసాహెబ్ వివరించారు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి అశోకుడు చెక్కించాడు. కాబట్టి ఇది మనకు కొత్త విషయం కాదు.

2. ముచ్చట వేరు, మైత్రి వేరు

సిద్ధార్థుడు, దేవదత్తుడు, బాణం తగిలిన పక్షి కథ మనందరికీ తెలుసు. కొట్టినవాడిని నేను కాబట్టి నాదే అన్నాడు దేవదత్తుడు. కాపాడినవాడిదే పక్షి అన్నాడు సిద్ధార్థుడు. ఈ కథను మన రూముకి తెచ్చుకుందాం. డబ్బిచ్చి కొన్నంత మాత్రాన ప్రాణి మనది కాదు. దాని ఆకలి, జబ్బు, ముసలితనం మోసినప్పుడే మనది.

ముద్దుగా ఉందని తెచ్చుకోవడం ముచ్చట. అది తృష్ణకు దగ్గర. మనం ఊళ్లో లేని రోజున కూడా దాని గిన్నెలో నీళ్లు ఉండేలా చూడటం మైత్రి.

3. తెచ్చుకునే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: నెలలో ఎన్ని రాత్రులు రూములో ఉండవు? పోయిన మూడు నెలలు లెక్క రాసి చూడు. ఊహించి చెప్పొద్దు.

రెండు: ఆ ప్రాణి ఎన్నేళ్లు బతుకుతుంది? కుక్క పది పన్నెండేళ్లు, పిల్లి పదిహేనేళ్ల దాకా ఉంటాయి. నీ డిగ్రీ మూడేళ్లే.

మూడు: నువ్వు లేనప్పుడు ఎవరు చూస్తారు? "ఇంటికి పంపిస్తా, అమ్మ చూసుకుంటుంది" అనడం సులువు. పొద్దున్నే కూలికి పోయి సాయంత్రం వచ్చే అమ్మకు ఇంకో పని నెత్తిన పెట్టడం దానం కాదు, భారం. అమ్మను ముందే అడగాలి. ఆమె వద్దంటే అది వద్దన్నట్టే.

నాలుగు: ఖర్చు, ఇల్లు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు, కుక్కకు టీకా మాత్రం ఏటా వేయించాలి. ఇక అద్దె ఇల్లు. "మీరెవరు?" అని అడిగి తలుపు వేసే ఓనర్లు ఇంకా ఉన్నారు. కష్టపడి దొరికిన రూము ఖాళీ చేయించడానికి పెంపుడు జంతువును సాకుగా వాడే అవకాశం ఇవ్వకూడదు. ముందే అడిగి ఒప్పించుకో, కుదిరితే అగ్రిమెంటులో రాయించుకో.

4. ఏది సరిపోతుంది?

కుక్క: మనిషి తోడు లేకపోతే దిగులు పడే జీవి. తరచూ ఊళ్లు తిరిగే ఒంటరి విద్యార్థికి సరిపోదు.

పిల్లి: కొంచెం నయం. అయినా రోజూ తిండి, నీళ్లు, శుభ్రం కావాలి. నమ్మకమైన రూమ్‌మేట్ ఉండి, ఇద్దరూ కలిసి బాధ్యత తీసుకుంటేనే ఆలోచించాలి. అదీ కొని కాదు, దిక్కులేని పిల్లను చేరదీసి.

పక్షులు: లవ్ బర్డ్స్ అని మనం పిలిచేవి గుంపుగా బతికేవి, ఒంటరి పంజరం వాటికి జైలు. రామచిలుకను, నక్షత్ర తాబేలును పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పుణ్యం కోసం పంజరం పక్షుల్ని కొని వదలడం కూడా వద్దు. నువ్వు కొంటే వాడు ఇంకో పది పడతాడు.

చిన్న తాబేళ్లు: అక్వేరియం షాపుల్లో అమ్మే చెవి దగ్గర ఎర్ర చారల తాబేలు అరచేతిలో పడుతుంది. పెరిగితే పళ్లెమంత అవుతుంది, ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. చెరువులో వదిలితే అక్కడి జీవాలకు చేటు.

చేప: ప్రయాణాలు చేసేవారికి కొంతవరకు కుదిరేది ఒక ఫైటర్ చేప. రెండు మూడేళ్లు బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది. అయితే గాజు గిన్నె చాలదు. పదిహేను ఇరవై లీటర్ల ట్యాంకు, గోరువెచ్చని నీళ్లు కావాలి. వారానికోసారి కొంత నీరు తీసి, క్లోరిన్ పోగొట్టిన నీరు పోయాలి. మగ చేపలు రెండింటిని కలిపి పెడితే కొట్టుకు చస్తాయి. వారం పైన ఊరికి పోతే దీనికీ మనిషి కావాలి. చదువు ముగించి వెళ్లే సీనియర్ దగ్గర తీసుకుంటే ఇంకా మంచిది. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటి. దాన్ని మన డబ్బుతో పెంచకుండా ఉంటే మేలు.

5. పెంచుకోకుండానే మైత్రి

నాలుగు ప్రశ్నలకు జవాబు "కాదు" అని వస్తే బాధపడకు. తెచ్చి వదిలేయడం కన్నా తేకపోవడమే శీలం. ఆకలికి, దాహానికి మాడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా తప్పే. చెయ్యగలిగింది చాలా ఉంది. ఎండాకాలం మేడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టు. వీధి కుక్కలకు రేబిస్ టీకా, ఆపరేషన్ జరిగేలా మునిసిపాలిటీకి అర్జీ పెట్టు. ఊరెళ్లిన పక్కింటివాళ్ల పిల్లిని రెండు రోజులు చూడు. ఉద్యోగం వచ్చి ఒకచోట నిలిచాక, దిక్కులేని ఒక జీవాన్ని ఇంటికి తెచ్చుకో. అప్పటిదాకా ఆగడం కూడా సాధనే.

విహారంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. కరుణకూ మైత్రికీ బాబాసాహెబ్ చెప్పిన తేడా ఏమిటి?
2. మన ముచ్చట కోసం ఇంట్లో ఎవరి మీద భారం వేస్తున్నాం?
3. మన వీధిలో నీళ్లు లేక అలమటించే ప్రాణి ఏది? ఈ వారం దానికి ఏం చేస్తాం?

జై భీమ్! నమో బుద్ధాయ!