ఈ-మెయిలు పెట్టెకు కాపలా: ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి?

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు మేము మొదట నగదు పుస్తకం, పాల సేకరణ రిజిష్టరు చూస్తాము. ఈమధ్య సంఘం ఈ-మెయిలు కూడా తెరిపించి చూస్తున్నాము. దానికి కారణం ఉన్నది.

ఒక సంఘంలో కొందరు సభ్యులకు బోనస్ సొమ్ము పండుగలోగా అందలేదు. వారి బ్యాంకు ఖాతా వివరాలు సరిచేసి పంపమని యూనియన్ కార్యాలయం ఈ-మెయిలు పంపినా, సంఘం నుండి జవాబు వెళ్ళలేదు. "మాకు ఉత్తరమే రాలేదండీ" అన్నారు కార్యదర్శిగారు. బ్లాక్ జాబితా తెరిపించి చూడగా యూనియన్ చిరునామా అందులోనే ఉన్నది. ప్రకటనల బెడద భరించలేక ఆయన వరుసగా బ్లాక్ చేస్తూపోయిన వాటిలో అది కూడా చేరిపోయింది. జీమెయిల్‌లో బ్లాక్ చేసిన చిరునామాల ఉత్తరాలు స్పామ్ అరలో పడతాయి; 30 రోజులు దాటితే వాటంతట అవే చెరిగిపోతాయి. మేము వెళ్ళేసరికి ఆ గడువు దాటింది. నష్టపోయినది పాలు పోసిన సభ్యులు.

రానివ్వవలసినవారు: యూనియన్, శీతలీకరణ కేంద్రం, బ్యాంకు, సహకార శాఖ కార్యాలయం, ఆడిటరు. వీరి చిరునామాలను ఫోనులో అడిగి ఖాయపరచుకొని ఒక పుస్తకంలో వ్రాసుకోండి. తరువాత కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్' అనే పుటకు వెళ్ళండి. కొత్త ఫిల్టరు తీసుకొని, 'ఫ్రమ్' గడిలో చిరునామా పూర్తిగా వ్రాసి, 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అన్నచోట గుర్తు పెట్టండి. చిరునామా చివరి భాగం 'జీమెయిల్.కామ్' మాత్రమే వ్రాయకండి. ఆ చిరునామా ఎవరైనా తీసుకోవచ్చును కనుక, ఊరందరికీ తలుపు తెరిచినట్లవుతుంది.

ఆపవలసినవారు: వద్దన్నా పదే పదే ప్రకటనలు పంపేవారిని బ్లాక్ చేయవచ్చును. మోసగాళ్ళు చిరునామాలు మారుస్తూ ఉంటారు గనుక వారి విషయంలో బ్లాక్ ఒక్కటే చాలదు. 'రిపోర్ట్ స్పామ్' నొక్కండి. పొరపాటున బ్లాక్ చేసినవారిని పైన చెప్పిన పుటలోనే 'అన్‌బ్లాక్' చేయవచ్చును.

ఇక ముఖ్యమైన మాట. సభ్యత్వ రిజిష్టరులో పేరున్నంత మాత్రాన ఆ సభ్యుడి పాలను పరీక్షించకుండా క్యానులో పోయము కదా! అనుమతి జాబితా కూడా అంతే. అది ఉత్తరాన్ని లోపలికి రానిస్తుందే గాని, నిజమని పూచీపడదు. తెలిసినవారి ఖాతా దొంగల చేతిలో పడవచ్చును. 'మేనేజరు' అని పైకి కనిపించే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చును. దాని ప్రక్కనున్న పూర్తి చిరునామా చూడాలి. "మా బ్యాంకు ఖాతా మారింది, సొమ్ము ఇందులో వేయండి" అని వస్తే, ఆ ఉత్తరంలోని నంబరుకు కాక, మీ పుస్తకంలో ఉన్న పాత నంబరుకు ఫోను చేసి అడగండి. మోసపోయి సొమ్ము పంపితే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలియజేయండి.

కార్యదర్శులు పాటించవలసినవి:

1. రోజూ ఉదయం పాల సేకరణ ముగిశాక స్పామ్ అర ఒకసారి చూడాలి. మనకు కావలసిన ఉత్తరం ఉంటే 'నాట్ స్పామ్' నొక్కాలి.

2. నెలకొకసారి రెండు జాబితాలనూ పుస్తకంతో సరిచూడాలి.

3. కార్యదర్శి మారినపుడు ఛార్జి అప్పగింతలో ఈ పుస్తకాన్ని కూడా చేర్చి, పాస్‌వర్డు మార్చాలి.

ఈ పని రోజుకు ఐదు నిమిషాలు. ఈసారి తనిఖీకి వచ్చినపుడు ఆ పుస్తకం మేము తప్పక అడుగుతాము.