బొర్రా గుహల్లో రాయి ఎలా పెరుగుతుంది?

అనంతగిరి మండలంలోని బొర్రా గుహల్లో రాళ్లను చూసి అందరూ శివలింగమనీ ఆవు పొదుగనీ పేర్లు పెడతారు. అవి ఎలా పుట్టాయో తెలుసా? వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, గుహ కప్పు నుంచి చుక్కలుగా కారుతుంది. ఆ వాయువు గాలిలోకి పోగానే సున్నం అక్కడే పేరుకుంటుంది. ఇలా వేల ఏళ్లకు ఒక స్తంభం! చేత్తో తడమొద్దు, జిడ్డు అంటితే సున్నం సరిగా పట్టదు. విరగ్గొట్టి జేబులో వేసుకునేవాళ్లని ఏమనాలి?

ఈ చుట్టుపక్కల భూములనే గనులకు లీజుకిస్తే ‘సమత’ సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దవాళ్లనడిగితే ఆ సంగతి ఇంకా చెబుతారు.

రైల్లో వెళ్తే బొర్రా గుహలు స్టేషన్లో దిగాలి.