నొప్పి ఒంట్లోనా, మనసులోనా?



నడుము నొప్పి, తల నొప్పి, ఒళ్లంతా మంటలు అంటూ నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారిని మేము చూస్తుంటాము. ఎక్స్‌రే, స్కానింగు అన్నీ బాగానే ఉంటాయి. "ఏమీ లేదంట, ఊరికే అంటా ఉంది" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది.

నొప్పి ఎందుకు?

మన పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు పుండ్లుపడి పాడవడానికి నొప్పి తెలియకపోవడమే ముఖ్య కారణమని ఆయన గమనించారు. నిప్పు తగిలినా, ముల్లు దిగినా వారికి తెలియదు. అంటే నొప్పి మనకు కాపలాదారు. అయితే కొందరిలో ప్రమాదం తీరిపోయినా ఈ కాపలాదారు కేకలు మానడు.

మనసుకేం సంబంధం?

నొప్పి మనకు తెలిసేది మెదడు ద్వారానే. నొప్పిని అదుపుచేసే సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాలకు మన దిగులుతోనూ సంబంధం ఉంది. అందుకే డిప్రెషన్ ఉంటే నొప్పి పెరుగుతుంది. తీరని నొప్పితో నిద్ర పోయి, పని పోయి, దిగులు పట్టుకుంటుంది. ఇది నటన కాదు. విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు.

ఇంకొక పొరపాటు కూడా ఉంది. మానసిక రోగి గుండెల్లో నొప్పి అంటే "ఇదీ ఆ జబ్బే" అని వదిలేస్తారు. వారికీ గుండెపోటు వస్తుంది. వెంటనే చూపించాలి.

మనం చేయవలసినవి

1. డాక్టరుకు నొప్పితోపాటు నిద్ర, ఆకలి, దిగులు సంగతులూ చెప్పండి.

2. దిగులుకు ఇచ్చే కొన్ని మందులు నొప్పికీ పనిచేస్తాయి. "నాకేం పిచ్చా?" అని మానేయకండి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

3. నొప్పి మాత్రలు సొంతంగా కొని రోజూ మింగకండి. కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

4. డాక్టరు సలహాతో రోజూ కొంచెం కొంచెంగా నడవండి.

5. కుటుంబం తోడుండాలి. వేలూరు బాగాయంలోని మానసిక ఆరోగ్య కేంద్రంలో చికిత్సకు చేరిన రోగితోపాటు ఇంటివారొకరు ఉండడం ఏళ్ల తరబడి వస్తున్న పద్ధతి.

6. చనిపోవాలనిపిస్తే దాచుకోకండి. టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "నొప్పి" అంటే "ఎక్కడ?" అని అడిగి ఊరుకోకండి. "రాత్రి నిద్రపట్టిందా? మనసెలా ఉంది?" అని కూడా అడగండి.